అడిగేవారి కుర్చీ

ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఒకప్పుడు ప్రభుత్వ కొలువుల్లో ఉంటూ మగవాళ్లను ప్రేమించిన మగవాళ్లను, ఆడవాళ్లను ప్రేమించిన ఆడవాళ్లను, పుట్టినప్పుడు రాసిన లింగంలో ఇమడని వాళ్లను వెతికి పట్టుకుని మరీ ఉద్యోగాల్లోంచి తీసేసినందుకు మన శాఖ ఎంతగానో చింతిస్తోంది. ఆ చింతను మ్యూజియం మేడమీది హాల్లో ప్రదర్శనకు పెట్టారు. సోమవారం సెలవు.

మొదట్లో ఆ చింతను చూడటానికి ఈగ కూడా రాలేదు. ఇందులో ప్రచారాధికారి తప్పేమీ లేదు. విషయం రాస్తే కొందరు నొచ్చుకుంటారని, రాయకపోతే మరికొందరు నొచ్చుకుంటారని ఆయన బుర్ర బద్దలుకొట్టుకుని, చివరకు పోస్టరు మీద ఒక పెద్ద గొడుగు బొమ్మ వేయించి, కింద "అందరూ రండి" అని రాయించారు. వానాకాలం కావడంతో కొందరు గొడుగులు కొనడానికి వచ్చారు. అమ్మకానికి లేవని తెలిశాక గైడును నాలుగు తిట్టి వెళ్లారు.

గైడంటే ఆ ప్రదర్శనలోని వివరాల బోర్డులన్నీ రాసిన అమ్మాయి. తాత్కాలిక ఉద్యోగి. ప్రదర్శన ముగిసేలోగా పర్మనెంట్ చేస్తామని డైరెక్టరుగారు మాటిచ్చారు. పాత వస్తువులంటే ఆమెకు ప్రాణం, ఆ ఉద్యోగమంటే అంతకన్నా ప్రాణం. కాబట్టి గొడుగుల తిట్లు కూడా నవ్వుతూనే భరించింది.

జనం రాకపోతే హాలు ఖాళీ చేయండని పైనుంచి కబురొచ్చింది. ప్రచారాధికారికి అప్పుడు తళుక్కున తట్టింది. హాల్లో ఒక మూల ఆనాటి విచారణ గదిని ఉన్నదున్నట్టు కట్టిపెట్టారు: ఒక బల్ల, కళ్లలోకి కొట్టే దీపం, రెండు కుర్చీలు. అడిగేవారిది దిండున్న చేతుల కుర్చీ. జవాబు చెప్పేవారిది ఒట్టి చెక్కది. "విచారణ గది! మీరే స్వయంగా కూర్చోండి!" అని కొత్త పోస్టరు వేయించారు. ప్రజలు చెక్క కుర్చీలో కూర్చుని ఆనాటి వేదనను అనుభవిస్తారని ఆయన ఆశ.

ప్రజలు కూర్చున్నారు. అందరూ దిండున్న కుర్చీలోనే కూర్చున్నారు.

వరుస మెట్లు దిగి, గేటు దాటి, వీధి మలుపు తిరిగింది. ఎదుటి కుర్చీలోకి ఎవరూ రానందువల్ల అందులో గైడును కూర్చోబెట్టారు. ఉద్యోగం పోగొట్టుకున్న ఒక పాత గుమాస్తా చెప్పిన జవాబులు ఆమెకు కంఠతా వచ్చు. వచ్చినవాళ్లు అడిగేవారు, ఆమె గుమాస్తాగా చెప్పేది. ఒక పళ్ల డాక్టరు అలవాటుకొద్దీ "నోరు బాగా తెరిచి చెప్పండి" అన్నారు. ఒక పెద్దావిడ సిగ్గుపడుతున్న మనవరాలిని "అడుగు తల్లీ, ఆవిడేమీ అనుకోదు" అని ముందుకు తోసింది. ఒకాయన కుర్చీ వదలకుండా ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే ఆయన భార్య చెయ్యి పట్టుకుని లాగింది. "పెళ్లయి ఇన్నేళ్లయింది, నా గురించి ఎప్పుడైనా ఇన్ని అడిగారా?" అంది.

ప్రదర్శన దిగ్విజయమైంది. అక్కడే చిక్కొచ్చింది.

గైడు జవాబులు మరీ బాగా చెబుతోందని పై అధికారుల దృష్టికి వచ్చింది. అనుభవం లేనిదే ఇంత సహజంగా ఎలా వస్తుందని డైరెక్టరుగారు ఆలోచనలో పడ్డారు. పక్క హాల్లో ఏళ్ల తరబడి రాజు వేషం కడుతున్న వాచ్‌మన్‌ను మాత్రం నిజంగా రాజేమోనని ఎవరూ అనుమానించలేదు. ఏది ఏమైనా, పర్మనెంట్ చేసేముందు అమ్మాయి మంచి కోరి విచారణ సంఘం వేశారు. సమావేశాల గదికి సున్నాలు వేస్తున్నందున, విచారణ గదిలోనే విచారణ పెట్టారు. ఆ రోజు టికెట్లు ముందే అమ్ముడైపోయాయి కాబట్టి జనాన్ని ఆపడం న్యాయం కాదనుకున్నారు.

డైరెక్టరుగారు దిండు సర్దుకుని కూర్చుని ఉపన్యసించారు. "సోదర సోదరీమణులారా! పూర్వం ఈ గదిలో మనుషుల్ని అవమానించారు. తల్చుకుంటేనే నా గుండె తరుక్కుపోతోంది! మేమలాంటి వాళ్లం కాము. మేమైతే ఎంతో గౌరవంగా అడుగుతాం!"

చప్పట్లు.

"అమ్మా, నువ్వు కూడా... వాళ్లలో ఒకదానివా? మాకేం అభ్యంతరం లేదు. ఊరికే, తెలుసుకుందామని."

దీపం వెలుగులో ఆమె కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకోవడం చివరి వరసకు కూడా చక్కగా కనిపించింది. భేష్, ఏం నటన అన్నారు జనం.

"గుమాస్తా జవాబు చెప్పమంటారా సార్, నాదా?"

"నీదే అమ్మా, నీదే."

"అయితే మీకెందుకు సార్?"

హాలు దద్దరిల్లింది. ఈలలు. వెనకనుంచి ఎవరో "మళ్లీ చెప్పించండి, ఇక్కడికి వినపడలేదు!" అని అరిచారు. చప్పట్లకు మురిసిపోయిన డైరెక్టరుగారు మళ్లీ అడిగారు. ఆమె మళ్లీ చెప్పింది. ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

సంఘం అక్కడికక్కడే నిర్ణయం ప్రకటించింది. జవాబు చెప్పలేదు గనుక పర్మనెంట్ చేయడం కుదరదు, రేపటినుంచి రానక్కర్లేదు. డైరెక్టరుగారి తల వెనక గోడమీద గైడు రాసిన బోర్డే ఉంది: "ఆఖరి ప్రశ్నకు జవాబు చెప్పనందుకు ఈ గుమాస్తాను తొలగించారు." కింద "ఇలాంటివి ఇక జరగవు" అన్న ముక్క ప్రచారాధికారి చేర్పించింది. ఆ ముక్క కనబడేలా కాస్త పక్కకు జరిగి డైరెక్టరుగారు ఫొటో దిగారు. చెక్క కుర్చీని ఆమె గౌరవార్థం అద్దాల పెట్టెలో పెట్టారు. ప్రచారాధికారికి ప్రమోషన్ వచ్చింది.

గైడు బయటికొచ్చేసరికి కుండపోత వాన. గోడకు వేలాడుతున్న గొడుగు పోస్టరొకటి పీకి నెత్తిన కప్పుకుంది. గేటు దగ్గర హెల్మెట్ పెట్టుకున్నవారొకరు స్కూటరు మీద ఎదురుచూస్తున్నారు.

"అయిందా?"

"అయింది. పద, ఆకలేస్తోంది."

కోపానికి ఏడుపొచ్చి, ఏడుపు మధ్యలో నవ్వొచ్చి, పడీపడీ నవ్వుతూ ఆమె వెనక ఎక్కింది. నడుం చుట్టూ గట్టిగా పట్టుకుంది. స్కూటరు మలుపు తిరిగింది.

ఆ హెల్మెట్‌లో ఉన్నది ఆడా, మగా, అక్కా, స్నేహితుడా అని మీకూ తెలుసుకోవాలనుంది కదూ? అభ్యంతరమేమీ లేకుండా, ఎంతో గౌరవంగా, ఊరికే. చాలా సంతోషం. వరుస గేటు దగ్గర మొదలవుతుంది. కుర్చీకి కొత్త దిండు కూడా వేయించాం.