ముందస్తు నోటీసుతో తీర్పు

తీర్పు దినం చెప్పాపెట్టకుండా దొంగలా వస్తుందన్నది పరలోకం వైపు నుంచి జరిగిన పెద్ద పరిపాలనా లోపం. ఆ లోపాన్ని పేట చర్చి సంఘం సవరించింది. సంఘ కార్యదర్శి రిటైరైన బాయిలర్ల ఇన్‌స్పెక్టరు. ఉద్యోగమంతా నిప్పూ ఆవిరీ తనిఖీ చేసినవాడు గనుక నరకం విషయంలో ఆయన మాటకు ఎదురులేదు. ఆయన 'నీతి సంసిద్ధతా తనిఖీ' ప్రవేశపెట్టి, శనివారం మధ్యాహ్నం ఇంటింటికీ వస్తామని ముందే ప్రకటించారు. (చెప్పకుండా వెళ్తే జనం ఉన్నది ఉన్నట్టుగా దొరికిపోతారని ఆయన అనుభవం.)

నిబంధనలేమంత కష్టమైనవి కావు. బైబిలు మీద దుమ్ము ఉండకూడదు. అప్పుడే తుడిచిన గుర్తులూ ఉండకూడదు. సహోదరుడితో సమాధానపడి ఉండాలి, వీలైతే ఆ సహోదరుణ్ణి తనిఖీ వేళకు హాజరుపరచాలి.

ఈ చివరిదాని దగ్గరే పెద్ద దర్జీకి గొంతులో వెలక్కాయ పడింది. తమ్ముడు గోడ అవతలే కుడతాడు. కానీ ఎవరో పెళ్ళికొడుకు కోటు మీద ఇస్త్రీపెట్టె మరిచిపోయింది నువ్వంటే నువ్వని తగువు పడ్డ నాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో నలిగింది అమ్మ. చూపు ఆనని ఆ మనిషి లోపలి గదిలో మంచం మీద పడుకుని, ఇవతలి మిషనునూ అవతలి మిషనునూ వింటూ, కొడుకులిద్దరి మాటా ఒకే గదిలో వినాలన్న ఆశతో బతుకుతోంది. (తల్లుల ఆశల గురించి నిబంధనల్లో ఏమీ లేదు.)

శనివారం తమ్ముడు ఉతికిన చొక్కా వేసుకుని తనంతట తనే వచ్చాడు. తనిఖీ అతనికీ ఉంది మరి, అతనికీ ఒక అన్న అవసరం. పెద్ద దర్జీ టీ ఇచ్చాడు. ఎండల గురించి మాట్లాడుకున్నారు, ఈమధ్య దారాలు ఊరికే తెగిపోతున్నాయనుకున్నారు. అమ్మ గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి కూర్చుంది. తమ్ముడి కప్పులో అడగకుండానే పంచదార ఎక్కువ వేశానని గమనించేసరికి పెద్ద దర్జీకి కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఆ ఇస్త్రీపెట్టె... నేనే మరిచిపోయానేమో అన్నా," అన్నాడు తమ్ముడు కప్పులోకి చూస్తూ.

పోనీలేరా అందామని పెద్ద దర్జీ నోరు తెరిచాడు. అంతలో ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. కార్యదర్శి గారికి నడుం పట్టేసినందువల్ల తీర్పు వాయిదా పడింది.

తమ్ముడు కప్పు కింద పెట్టాడు.

"అయితే ఇందాక నేనన్నది లెక్కలోకి రాదు. తేదీ తెలిస్తే కబురు చెయ్యి, వస్తాను."

పెద్ద దర్జీ తెరిచిన నోరు మూసుకున్నాడు. తనిఖీ లేని రోజున క్షమించేస్తే, తనిఖీ నాటికి చూపించడానికి ఏం మిగులుతుంది? కాసేపటికి గోడకు అటూ ఇటూ మిషన్లు మొదలయ్యాయి.

ఆదివారం చర్చిలో ప్రార్థన అంశాలు అడిగినప్పుడు, పెద్ద దర్జీ భుజం ఊతంగా అమ్మ లేచి నిలబడింది. తన చూపు గురించి అడగలేదు. కార్యదర్శి గారి నడుం తొందరగా బాగుచెయ్యమని దేవుణ్ణి కన్నీళ్ళతో వేడుకుంది.