ఏడు కిలోల బ్యాగు, పది కిలోల మిస్టరీ

"ప్రపంచంలోని నేరస్థులందరికీ ఒకటే దురదృష్టం. వాళ్ళు నేను బతికున్న కాలంలో పుట్టారు," అన్నాడు మా బావ, పొయ్యి మీద గిన్నెలో గరిటె తిప్పుతూ.

ఇలాంటి మాటలకి జవాబు చెప్పకూడదని పద్నాలుగేళ్ళ అనుభవంతో నేర్చుకున్నాను. జవాబు చెబితే ఉదాహరణలు మొదలుపెడతాడు.

మా బావకి కళ్ళజోళ్ళ షాపు ఉంది. అతను కళ్ళు పరీక్షించి నంబరు రాస్తాడు, నేను అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. అయితే అతని లెక్కలో అసలు వృత్తి డిటెక్టివ్ పని. షాపు కేవలం మారువేషం. మోకాళ్ళు దాటిన కోటు, దాని లోపలా బయటా తొమ్మిది జేబులు, ఒక జేబులో భూతద్దం. వీధిలో అందరూ అతన్ని భూతద్దం అనే పిలుస్తారు. అది తన కీర్తి అని అతను అనుకుంటాడు, మేమెవరం కాదనం.

ఇప్పటిదాకా చేపట్టిన కేసులు పదకొండు. ఎదురింటివాళ్ళ పాలపాకెట్లు పోతున్నాయంటే నాలుగు రోజులు తెల్లవారుజామున వాళ్ళ తలుపు వెనక దుప్పటి కప్పుకుని కాపు కాశాడు. ఆ ఆకారాన్ని చూసి పాలవాడు ఆ ఇంటికి పాలు వేయడమే మానేశాడు. పాకెట్లు పోవడం ఆగింది కాబట్టి బావ ఆ కేసుని విజయాల్లో రాసుకున్నాడు.

పన్నెండో కేసు మాత్రం మా అక్క మీదికి వచ్చింది.

అక్క ఒక కాలేజీ లైబ్రరీలో అసిస్టెంటు. అక్కడి పాత పుస్తకాలన్నిటికీ పదకొండేళ్ళుగా చేత్తో కాటలాగు రాస్తోంది. ఏ పుస్తకం, ఎవరు అచ్చు వేశారు, ఏ పేజీని పురుగు తినేసింది, అన్నీ అందులో ఉంటాయి. రెండు లావుపాటి రిజిస్టర్లు. వేరే నగరంలో ఒక పెద్ద లైబ్రరీవాళ్ళు చీఫ్ లైబ్రేరియన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిచి, ఆ కాటలాగు వెంట తెమ్మన్నారు. రెండు నెలలపాటు అక్క టేబుల్ దగ్గరనుంచి లేవకుండా దాన్ని పూర్తి చేసింది. ఆ రెండు నెలలూ వంట బావ చేశాడు. నా తిండి పక్క వీధిలో మా ఇంట్లోనే.

ఈ ఉద్యోగం అక్కకి ఎంత అవసరమో నాకు తెలుసు. తన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఇద్దరు ప్రమోషన్ల మీద తన నెత్తిమీదికి ఎక్కి కూర్చున్నారు. రెండుసార్లూ అక్క ఇంటికొచ్చి ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికింది. మూడోసారి ఆ దృశ్యం చూసే ఓపిక నాకు లేదు.

ప్రయాణానికి వారం ముందు చౌక విమానం కంపెనీ నుంచి ఒక మెయిలు వచ్చింది. "మీ ప్రయాణాన్ని మరింత సులభం చేస్తున్నాం" అని మొదలైంది. అలా మొదలైతే ఏదో తీసేశారని అర్థం. ఈసారి చెకిన్ కౌంటర్లు తీసేశారు. చెకిన్ ముందు రోజే ఫోన్లో మనమే చేసుకోవాలి. పెద్ద సామాను పంపాలన్నా ముందు రోజే చెప్పాలి. చెప్పకపోతే చేతిలో ఒకటే బ్యాగు, ఏడు కిలోలు, దాన్ని ఎయిర్‌పోర్టులో పెట్టిన ఇనప చట్రంలో పట్టించి చూపించాలి. ఒక్క కిలో మించినా ఆ బ్యాగు విమానం ఎక్కదు.

"పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు. ఇన్ని అడిగేవాడు విమానం నడిపేవాడై ఉండడు," అంటూ ప్రయాణం ముందు రోజు బావ ఫోన్లో అక్కకి ఒక మారుపేరు పెట్టబోయాడు. అక్క ఫోన్ లాక్కుని చెకిన్ తనే చేసుకుంది. దాంతో బ్యాగు తూచే బాధ్యత బావకి మిగిలింది.

ఇంట్లో ఉన్నది మనుషులు ఎక్కి నిలబడే మెషీను. దాని మీద బ్యాగు పెడితే అంకె కనిపించదు. అందుకని బావ బ్యాగుని చంకలో పెట్టుకుని తనే ఎక్కాడు.

"ఎనభై ఒకటి," అన్నాను నేను వంగి చూసి.

"అందులో నేను డెబ్బై నాలుగు. బ్యాగు సరిగ్గా ఏడు. కేసు ముగిసింది."

"బ్యాగు దించి మీ బరువు కూడా ఒకసారి చూసుకోండి బావా."

"కోటు, బూట్లతో సహా డెబ్బై నాలుగు. ఏళ్ళ తరబడి అంతే. తెలిసిన విషయాన్ని పరిశోధించడం అమెచ్యూర్లు చేసే పని," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురం ఎయిర్‌పోర్టుకి వెళ్ళాం. సాగనంపేవాళ్ళని తూకం దాకా రానిస్తున్నారు. కౌంటర్లు ఉండే చోట ఇప్పుడు నేలకి జానెడు ఎత్తున ఒక తూకం పలక, పక్కన ఇనప చట్రం, వాటి వెనక మెడకి స్కార్ఫ్ కట్టుకున్న ఉద్యోగిని ఉన్నారు. ముందున్న ఒకాయన బ్యాగుని చట్రంలోకి మోకాలితో తొక్కుతున్నాడు. ఒకావిడ దిండు గలీబు నిండా బట్టలు కుక్కి, అది దిండేనని ఒట్టు పెడుతోంది.

మా వంతు వచ్చింది. అక్క బ్యాగుని పలక మీద పెట్టింది.

"పది," అంది ఉద్యోగిని.

"ఏడు," అన్నాడు బావ.

"పది సార్."

బావ భూతద్దం తీసి అంకె చూశాడు. భూతద్దంలో అది ఇంకా పెద్ద పదిలా కనిపించింది. అతను మెల్లగా నిటారుగా నిలబడ్డాడు. అలా నిలబడితే మాకు గుండెల్లో రాయి పడుతుంది.

"ఎవరూ బ్యాగుని ముట్టుకోవద్దు. ఇంటి దగ్గర ఏడు, ఇక్కడ పది. దారిలో ఎవరో ఇందులో మూడు కిలోల సరుకు పెట్టారు. అమాయకుల బ్యాగుల్లో సరుకు దాటించే ముఠా ఇది."

"దారంతా బ్యాగు నా ఒళ్ళోనే ఉందండీ," అంది అక్క.

"అదే వాళ్ళ పనితనం."

"తెరిచి చూస్తే సరిపోతుంది కదా."

"తెరిస్తే వేలిముద్రలు చెడిపోతాయి."

"అన్నీ నా వేలిముద్రలే."

"నీవి తీసేయగా మిగిలినవి కావాలి."

"వేలిముద్రలు ఉంచుకోండి సార్. మూడు కిలోలు తీసేయండి," అంది ఉద్యోగిని. "ముప్ఫై అయిదు నిమిషాల్లో గేటు మూస్తారు. కాస్త పక్కకి జరగండి."

మేం బ్యాగు తీసుకుని పక్కకి జరిగాం. అక్క కింద కూర్చుని జిప్పు తెరవబోతే బావ దాని మీద చెయ్యి వేసి ఆపాడు. బ్యాగులో తీసేయడానికి ఏమీ లేదు. పాత తోలు బ్యాగు, ఖాళీదే నాలుగు కిలోలుంటుంది. లోపల ఒక జత బట్టలు, సర్టిఫికెట్ల ఫైలు, తువ్వాలు, సబ్బు, రిజిస్టర్లు. బట్టలూ తువ్వాలూ వదిలేసినా మూడు కిలోలు కావు. రిజిస్టర్లు వదిలేస్తే వెళ్ళి ఉపయోగం లేదు. నాకు బావ మీద నిజంగానే ఒళ్ళు మండింది.

బావ అప్పటికే అనుమానితుణ్ణి గుర్తించాడు. మా వెనక వరసలో ఒక పెద్దాయన కోటు మీద కోటు, దాని మీద ఇంకో కోటు వేసుకుని, చేతులు కిందికి దిగక చాచి పట్టుకుని నిలబడ్డాడు. మొహం నిండా చెమట.

"ఎందుకు చెమటలు పడుతున్నాయి?" అన్నాడు బావ, సూటిగా.

"ఉక్కగా ఉంది బాబూ."

"ఉక్కగా ఉంటే కోటు మీద కోటు ఎందుకు?"

"ఒంటి మీదవి తూచరు కదా."

బావ నా వైపు చూసి కళ్ళు చిట్లించాడు. నేరస్థుడు నోరు జారాడని దానర్థం. "ఆ కుడి జేబులో ఏముంది?"

"చెప్పు."

"ఎడమ జేబులో?"

"రెండో చెప్పు."

"లోపలి జేబులో?"

"మా ఆవిడ చెప్పులు. ఆవిడ నిన్ననే వెళ్ళింది, మర్చిపోయింది," అన్నాడు పెద్దాయన. "ఇంకేమైనా అడగాలా, నేను కూర్చోవచ్చా? కూర్చుంటే మళ్ళీ లేవలేను, అందుకని ముందే అడుగుతున్నాను."

"ఇతను ముఠాలో చిన్నవాడు," అన్నాడు బావ నా చెవిలో. "అసలువాడు దూరం నుంచి గమనిస్తుంటాడు. మొత్తం దృశ్యం ఒక్క చూపులో చూడాలి."

"ఇరవై ఎనిమిది నిమిషాలు," అంది ఉద్యోగిని.

మొత్తం దృశ్యాన్ని ఒక్క చూపులో చూడడానికి బావ భూతద్దం కంటికి పెట్టుకుని వెనక్కి అడుగులు వేశాడు. భూతద్దంలోంచి దూరంగా ఉన్నవి కనపడవని కళ్ళజోళ్ళ షాపు నడిపే మనిషికి చెప్పాల్సిన పని లేదు. నాలుగో అడుగులో కాలు ఇనప చట్రానికి తగిలి, తూకం పలక మీద చతికిలబడ్డాడు.

మెషీను కీచుమని అంకె చూపించింది.

"డెబ్బై ఒకటి," అంది ఉద్యోగిని, అలవాటు చొప్పున. "మీరు చట్రంలో పట్టరు సార్."

"డెబ్బై నాలుగు," అన్నాడు బావ, పలక మీద కూర్చునే. "చూశావా, మెషీను అబద్ధం చెబుతోంది. కుట్ర ఇక్కడే ఉంది."

ఆవిడ అతన్ని లేవమని, బల్ల కింద నుంచి అయిదు కిలోల తూకపు రాయి తీసి పలక మీద పెట్టింది. అయిదు చూపించింది. బావ కోటు, బూట్లు సర్దుకుని మళ్ళీ ఎక్కాడు. డెబ్బై ఒకటి.

బావ చాలాసేపు ఆ అంకెని చూశాడు. "అయితే నాలోంచి మూడు కిలోలు ఎవరో కాజేశారు," అన్నాడు.

అప్పుడు నాకు లెక్క తెలిసింది. నిన్న ఇంట్లో బ్యాగుతో సహా ఎనభై ఒకటి. అందులో బావ డెబ్బై నాలుగు కాదు, డెబ్బై ఒకటి. బ్యాగు మొదటినుంచీ పది కిలోలే. ముఠా లేదు, సరుకు లేదు. చిక్కింది బావ. అదే మాట అక్కతో అన్నాను.

అక్క లేచి నిలబడింది. ఆమె చూస్తున్నది బ్యాగుని కాదు.

"మూడు కిలోలు ఎలా తగ్గారండీ?"

"డిటెక్టివులకి మెదడు ఎక్కువ పనిచేస్తుంది. అది..."

"మధ్యాహ్నం నాకు వడ్డించి, మీరు షాపులో తిన్నానన్నారు. రోజూ అదే మాట."

నేను అక్క మొహం చూశాను. "షాపులో తినలేదక్కా. మధ్యాహ్నం షాపు నాకు వదిలి ఇంటికెళ్ళేవాడు. తిరిగొచ్చి, ఇంట్లో నీతో కలిసి తిన్నానని నాతో చెప్పేవాడు."

రెండు వాంగ్మూలాలూ పక్కపక్కన పెట్టాక ఇంక విచారణ అక్కర్లేకపోయింది. మా బావకి తప్ప అందరికీ విషయం అర్థమైంది, కోటు పెద్దాయనతో సహా. "పాపం," అన్నాడు ఆయన.

"సాయంత్రమో?" అంది అక్క.

బావ భూతద్దాన్ని చొక్కాకి తుడిచాడు. "సాయంత్రమూ అంతే. నాకు కొలత కుదరదు. ఇద్దరికని వండితే సగం మాడిపోయేది. మాడనిది నీకు పెట్టేవాడిని. మళ్ళీ వండుదామంటే గిన్నె తోముకోవాలి, ఆ చప్పుడికి నీ రాత ఆగిపోతుంది. నువ్వు అక్షరం మీద అక్షరం అంత శ్రద్ధగా రాస్తుంటే..."

అక్కకి కళ్ళ నీళ్ళు వచ్చాయి. నాక్కూడా వచ్చాయి. రెండు నెలలు అద్దాలు అరగదీస్తూ ఎదురుగా కూర్చున్నాను, ఒక్క రోజు కూడా మనిషి మొహం చూడలేదు. అక్కకి ఆ ఉద్యోగం రాకపోతే ఏమవుతుందోనని నేను భయపడ్డాను. బావ భయపడి ఊరుకోలేదు.

"ఇరవై నిమిషాలు," అంది ఉద్యోగిని, ఈసారి కొంచెం నెమ్మదిగా.

కోటు పెద్దాయన రంగంలోకి దిగాడు. "ఏడుపు విమానంలో కూర్చుని ఏడవచ్చమ్మా, తూకం వెయ్యరు. ముందు ఆ పుస్తకాలు ఒంటి మీదికి ఎక్కించు. బాబూ, నీ కోటు ఇటు ఇయ్యి."

బావ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. జేబుల్లోవి అన్నీ తీసి నా చేతుల్లో పోశాడు. టేపు, విజిలు, తాడు, పెట్టుడు మీసాలు రెండు రకాలు. ఖాళీ చేసిన కోటు అక్కకి తొడిగాడు. లోపలి జేబుల్లో రిజిస్టర్లు చెరొకటి పట్టాయి, అటొకటి ఇటొకటి. కోటు లేకుండా బావని అంత వెలుతురులో చూడడం అదే మొదటిసారి. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. బెల్టుకి కొత్తగా ఒక చిల్లు ఉంది. షాపులో చిల్లులు పొడిచే పనిముట్టు నెల రోజులుగా ఎందుకు కనిపించడం లేదో నాకు అప్పుడు తెలిసింది.

బ్యాగు మళ్ళీ పలక మీదికి ఎక్కింది.

"ఏడు," అంది ఉద్యోగిని. కోటులోపల పలకల్లా నిలబడ్డ రిజిస్టర్లని ఆవిడ చూసింది. కంప్యూటర్ వైపు తిరిగి, "ఒంటి మీద ఉన్నవాటికి రూలు ఇంకా రాలేదు. వెళ్ళండమ్మా, పరిగెత్తండి," అంది.

అక్క పరిగెత్తలేదు. ముందు నా దగ్గరికి వచ్చింది. "నువ్వు ఎదురుగా కూర్చుని తినిపించు. తిన్నానంటే నమ్మకు," అంది. తర్వాత బావ చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. ఏం చెప్పిందో నాకు వినిపించలేదు, వినాలని ప్రయత్నించనూ లేదు. ఆ తర్వాత పరిగెత్తింది. రెండు రిజిస్టర్లూ రెండు వైపులా ఊగుతుంటే అడ్డదిడ్డంగా, కానీ చాలా వేగంగా వెళ్ళింది. ఆమె వెనకే కోటు పెద్దాయన చేతులు చాపుకుని వెళ్ళాడు.

బావ గాజు గోడ దగ్గర నిలబడి, అక్క మలుపు తిరిగేదాకా చూశాడు.

"కేసు ఎలా ఛేదించానో గమనించావు కదా," అన్నాడు. "ముందు అనుమానితుణ్ణి మాటల్లో పెట్టాను. తర్వాత కావాలనే పలక మీద పడ్డాను."

"గమనించాను బావా."

గాజు గోడ దగ్గరనుంచి ఇటు తిరిగాడు. "నాకు ఆకలేస్తోందోయ్," అన్నాడు.

క్యాంటీన్‌లో కూర్చోబెట్టాను. మొదటి ప్లేటు తలెత్తకుండా తిన్నాడు. రెండో ప్లేటు సగంలో ఉండగా నా ఫోన్ మోగింది. అక్క నుంచి మెసేజ్. ఎక్కి కూర్చున్నానని, రిజిస్టర్లు రెండూ ఒళ్ళో ఉన్నాయని రాసి, కింద ఒకే ఒక్క మాట అడిగింది: "తిన్నారా?"

బావ మెడ చాపి చూశాడు. "తిన్నానని రాసెయ్."

"మీ వాంగ్మూలం చెల్లదు," అని, నా సొంత మాటగా రాశాను: "తింటున్నాడక్కా. నా కళ్ళ ముందే."