ప్రగతి రథానికి వేడి ముల్లు

తుంగభద్ర ఆయకట్టులో ఇంతవరకూ ఏ నాయకుడూ చేయని సాహసం తాను చేయబోతున్నట్టు శివరామకృష్ణయ్యగారు జవళగేరలోని తమ రైస్‌మిల్లులో విలేకరులను పిలిచి ప్రకటించారు. వడ్ల బస్తాలు మోసే తమ పాత లారీ ఇంజన్ తీయించి, రెట్టింపు బలమున్న టర్బో డీజిల్ ఇంజన్ వేయించారు. పైన వేదిక, వేదిక మీద మైకులు, మైకుల మీద ఆయన బొమ్మ. పేరు ప్రగతి రథం.

"పాత ఇంజన్‌తో పాత రాజకీయమే నడుస్తుందండీ. కొత్త రాజకీయానికి కొత్త ఇంజన్ కావాలి," అన్నారు. ఎంత లోతైన మాటో విలేకరులకు అర్థం కాలేదు. అందుకే ఉన్నదున్నట్టు రాసుకున్నారు.

రథసారథి ఉలిగప్పది గిల్లేసూగూరు. ఆ లారీ కొన్న రోజునుంచీ అతనే డ్రైవరు. పాత ఇంజన్ దగ్గు విని దాని జబ్బేమిటో చెప్పేవాడు. కొత్త ఇంజన్‌తో ఇంకా మాటలు కలవలేదు. పైగా యజమాని ముందే హెచ్చరించారు: "దీనికేమైనా అయిందంటే నీ ఉద్యోగం కూడా దాంతోపాటే పోద్ది, చూసుకో."

మస్కి సంతలో బహిరంగ సభ. రథం మిల్లు గేటు దాటిందో లేదో, ఇంజన్ వేడి చూపే గేజీ ముల్లు లేచి నేరుగా ఎర్ర గీత మీద కూర్చుంది. ఉలిగప్ప వెంటనే బండి పక్కకు తీశాడు.

"ఎందుకాపావయ్యా?" అని పైనుంచి శివరామకృష్ణయ్యగారు మైకులోనే అడిగారు. ఊరంతా వినబడింది.

"ఇంజన్ కాగుతున్నది, సావ్కార్. జర సల్లారనీయుండ్రి."

ఊరికే నిలబడితే ఏం బాగుంటుందని ఆయన ప్రసంగించారు. మళ్ళీ కదిలారు, ముల్లు లేచింది, ఆగారు, ప్రసంగించారు. సింధనూరు చేరేలోగా ఒక ఇటుక బట్టీకీ, మూతబడ్డ పశువుల ఆస్పత్రికీ, గట్టున నిలబడ్డ కొంగలకూ కూడా హామీలు అందాయి. ఆగినప్పుడల్లా కార్యకర్తలు రేడియేటర్లో నీళ్ళు పోశారు, నిమ్మకాయలు కట్టారు. చివరికి నాయకుడే కారణం కనిపెట్టారు. "మన ముల్లు ఎర్రగీత మీదికి ఎక్కిందంటే వెనక అవతలి పార్టీ ఉంది. దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను."

ఖండించినా ముల్లు దిగలేదు.

సింధనూరులో ఇంజన్ బిగించిన మెకానిక్ ఈరేశ్‌ను పిలిపించారు. ఆ పని చేసినందుకు అతనికి పార్టీ సాంకేతిక విభాగం అధ్యక్ష పదవి కూడా ఇచ్చి ఉన్నారు. అధ్యక్షుడు రేడియేటరు మీద చెయ్యి పెట్టి చూశాడు.

"ఇంజన్ సల్లగనే ఉన్నది, సావ్కార్. సెన్సారేమో కొత్త ఇంజన్‌ది, గేజీ పాతది. అది జెప్పేది దీనికి సమజైతలేదు. జోడీ సెన్సారు ఎయ్యాలె. రాయచూరు నుంచి రేపొస్తది."

"సంత ఇవాళే కదయ్యా. జనం వంకాయల కోసం వస్తారు గాని, నాకోసం రేపు మళ్ళీ వస్తారా?"

ఈరేశ్ సెన్సారు వైరు పీకేశాడు. ముల్లు బుద్ధిగా కిందికి వాలింది. కార్యకర్తలు చప్పట్లు కొట్టారు. సమస్య మూలాల్లోకి వెళ్ళే నాయకత్వమంటే ఇదేనన్నారు.

"మరి ఇప్పుడు నిజంగ కాగితే ఎట్ల తెలుస్తది, అన్నా?" అన్నాడు ఉలిగప్ప.

"తెలువది. ఇగ నీకు ఫికరే లేదు."

ఆగే కారణం లేదు కనుక రథం ఎక్కడా ఆగకుండా మస్కి వైపు దూసుకుపోయింది. పెద్ద ఇంజన్‌కు చిన్న లారీ రేడియేటరు. అది ఎంతసేపని ఓర్చుకుంటుంది? బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి లేచింది. వేదిక మీదికి పొగ వదిలారనుకుని కార్యకర్తలు ఈలలు వేశారు.

"పొగలొస్తున్నయి, సావ్కార్."

"ముల్లెక్కడుంది?"

"కిందనే ఉన్నది."

"మరింకేం? నడుపు. అధికారిక సమాచారాన్ని నమ్మాలయ్యా."

ఉలిగప్ప నమ్మాడు. ఇంజన్ నమ్మలేదు. పెద్ద చప్పుడు చేసి వరి మళ్ళ మధ్య ఆగిపోయింది. ఉలిగప్ప స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

మైకులకు బ్యాటరీ వేరు. అందుకని శివరామకృష్ణయ్యగారు అవతలి పార్టీ కుట్రను వివరిస్తూనే ఉన్నారు. అంతలో వెనకనుంచి ఒక ట్రాక్టరు వచ్చి ఆగింది. నడుపుతున్నది హనుమాయమ్మ, అవతలి పార్టీ తాలూకా అధ్యక్షురాలు.

"ఏంది సావ్కార్, నీ ఇంజన్ నేను జెడగొట్టిన్నా?"

"పార్టీపరంగా అన్నానమ్మా. వ్యక్తిగతంగా మీరంటే ఎంతో గౌరవం. తాడేమైనా ఉందా?"

ఉంది. ట్రాక్టరు ముందు, రథం వెనక. దారిలో కూలీల గుంపు కనబడేసరికి ఆయన అలవాటుగా మైకందుకున్నారు. "అవతలి పార్టీ దోపిడీని..."

ట్రాక్టరు ఆగింది. హనుమాయమ్మ వెనక్కి తిరగలేదు. "తాడు ఇప్పాల్నా, సావ్కార్?"

"లోపాలు అన్ని పార్టీల్లోనూ ఉంటాయంటున్నానమ్మా."

ట్రాక్టరు కదిలింది.

"అవతలి పార్టీలోనూ మంచివాళ్ళున్నారు."

కొంచెం వేగం పెరిగింది. శివరామకృష్ణయ్యగారు సూక్ష్మగ్రాహి. "అసలు మంచివాళ్ళందరూ అక్కడే ఉన్నారు," అన్నారు. గేరు మారింది. మస్కి పొలిమేరకు వచ్చేసరికి, రైతును ముందుకు లాగే పార్టీ దేశంలో అదొక్కటేనని గద్గద స్వరంతో చెబుతున్నారు. వెనక కార్యకర్తలు జిందాబాద్‌లు ఒక్క క్షణం ఆపలేదు. పార్టీ పేరు మాత్రం ఏదో కల్వర్టు దగ్గర మారింది. ఏ కల్వర్టో ఎవరూ గమనించలేదు.

సంతలో హనుమాయమ్మ ఆయన మెడలో కండువా వేసింది. ఉలిగప్ప చేతులు కట్టుకుని దగ్గరికి వెళ్ళాడు.

"ఇంజన్ పోయింది, సావ్కార్. నా నౌకరీ..."

"నీ తప్పేముందయ్యా? అంతా అవతలి పార్టీ కుట్ర."

అవతలి పార్టీ ఇప్పుడు ఏదో ఉలిగప్ప లెక్క చూసుకుంటుండగా ఒక విలేకరి వచ్చాడు. "పొద్దున తిట్టిన పార్టీలో సాయంత్రానికి చేరారు. దారిలో అంత గొప్ప మార్పు ఎట్లా వచ్చింది?"

"నాకేం ఎరుక, సార్," అన్నాడు ఉలిగప్ప. "తాడైతే మస్తు గట్టిది. ఏడ తెగలే."

విలేకరి చలించిపోయి, ఆ మాటను జాగ్రత్తగా రాసుకున్నాడు.