శనివారం షామియానా

శనివారం పొద్దున్న ఐదింటికే పోకువా ఆ రోజు పనులన్నీ నోటితో ముగించేసింది. ఎనిమిదికి షామియానా. తొమ్మిదికి ఆడవాళ్లంతా కొత్త బట్టల్లో పొయ్యిల దగ్గర. పదికి బస్టాండులో అక్రా మనిషి లాంప్టీ. ఆయన్ని తనే తీసుకొస్తుంది, తనే తిప్పి చూపిస్తుంది, ఆయన ఎవర్ని ఏమడిగినా తనే జవాబు చెబుతుంది. పళ్లు తోముకుంటూ ఈ సంగతంతా అన్సొమాకు మూడోసారి చెప్పింది.

"అర్థమైంది మేడమ్," అంది అన్సొమా. పోకువా కార్ఖానాలో పన్నెండేళ్లుగా పెనం తిప్పుతున్న మనిషి ఆమె. "మరి మీరు లేనప్పుడు ఎవరైనా వస్తే?"

"నేను లేకపోవడమేంటే? నేనెప్పుడు లేను?"

అది నిజం. కుమాసి పొలిమేరలోని ఆ కార్ఖానాలో పదిహేనేళ్లుగా పోకువా లేని గంట లేదు. కర్రపెండలం తురిమి, మూటలు కట్టి పులియబెట్టి, పైన బండలు పెట్టి నీరు పిండి, వెడల్పాటి పెనాల్లో రవ్వలా వేయిస్తే గరీ తయారవుతుంది. ఈ పనులన్నిటికీ పదకొండుమంది ఆడవాళ్లున్నారు. అయినా మూట ముడి పోకువా చూడాలి, మంట పోకువా చూడాలి, బస్తా మూతి కుట్టే దారం కూడా పోకువాయే కత్తిరించి ఇవ్వాలి. జ్వరం వస్తే పొయ్యి పక్కన చాప వేయించుకుని, పడుకునే తిట్టేది.

వచ్చే టర్ము నుంచి మూడు హాస్టలు బడులు గరీ కావాలన్నాయి. బండలతో పిండితే అంత సరుకు అందదు. పిండే యంత్రం, పొగ రాని పొయ్యిలు కావాలి. నాలుగు కాలాలు నిలబడే చిన్న వ్యాపారాలకు అలాంటివి ఉచితంగా ఇచ్చే సంస్థ ఒకటి రాజధాని అక్రాలో ఉందని తెలిసి పోకువా దరఖాస్తు పెట్టింది. అందులో ఒక ప్రశ్న: యజమాని అందుబాటులో లేకపోతే మీ వ్యాపారం ఎన్నాళ్లు నడుస్తుంది? పోకువా జవాబు: నేను ఎప్పుడూ అందుబాటులోనే ఉంటాను. పది రోజులకు ఉత్తరం వచ్చింది. తమ మనిషి లాంప్టీ శనివారం స్వయంగా వచ్చి చూస్తాడట.

ఆయన కాదంటే బడుల సరుకు హైవే మీది కొత్త మిల్లుకు పోతుంది. దాని వెనకే పదకొండుమందిలో సగం మంది ఇళ్లకు పోవాల్సి వస్తుంది. వారం నుంచి పోకువాకు కంటి మీద కునుకు లేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎందుకు లేచిందో గుర్తుండేది కాదు. ఆ కంగారులోనే ఏర్పాట్లన్నీ చేసింది. అక్రా పెద్దమనిషికి నీడ కావాలి కాబట్టి షామియానా, కుర్చీలు, మైకుసెట్టు. పనివాళ్లందరికీ ఒకే తీరు బట్టలు: పొగకు మాయవని నల్ల చొక్కాలు, కళగా ఉంటాయని ఎర్ర తలగుడ్డలు. తనకూ ఒక జత కుట్టించుకుంది. గోడకు అంటించడానికి తన ఫొటోతో పెద్ద పోస్టరు. "ఇంత తొందరలో కొత్తగా చేయలేనక్కా, నా దగ్గరున్న అచ్చులోనే పెట్టేస్తాను," అన్నాడు ప్రెస్సువాడు. "ఏదో ఒకటి పెట్టి చావు! శనివారం పొద్దుటికి గోడ మీద ఉండాలి," అంది పోకువా.

కుమాసిలో శనివారం నాడు రోడ్డు పక్కన షామియానా, నలుపూ ఎరుపూ కట్టుకున్న ఆడవాళ్లు కనబడితే ఎవరు పోయారని అడుగుతారే గాని, ఎందుకు వేశారని ఎవరూ అడగరు. ఈ సంగతి పోకువాకు తెలియనిది కాదు. నెలకు మూడు దినాలకు వెళ్లి ఏడ్చి వచ్చే మనిషి. ఆ వారం మాత్రం ఆమె బుర్రలో లాంప్టీ తప్ప ఇంకేదీ లేదు.

ఎనిమిదిన్నరకు షామియానా ఇంకా రాలేదు. ఇక ఆగలేక బస్టాండుకు పరుగెత్తింది. సగం దూరం వెళ్లాక ఫోను చార్జింగులోనే మరిచిపోయినట్టు గుర్తొచ్చింది. వెనక్కి వెళితే ఆలస్యమవుతుందని వెళ్లలేదు.

బస్టాండులో అక్రా నుంచి వచ్చిన ప్రతి బస్సు దగ్గరా నిలబడి, కళ్లద్దాలున్న ప్రతి మగవాణ్ణీ "లాంప్టీగారా?" అని అడిగింది. మధ్యాహ్నం పన్నెండు దాకా అడిగింది. చివరికి ఎవరూ లాంప్టీ కాకపోవడంతో ఉసూరుమంటూ, మనుషుల్ని కుక్కి తిప్పే ట్రోట్రో వ్యానెక్కింది. అది పావుగంట నడిచి ఆగిపోయింది. ముందెక్కడో పొద్దున్న నారింజపళ్ల లారీ బోల్తా పడి దారంతా ఇరుక్కుపోయింది. గంటసేపు సీట్లో లేచీ కూర్చునీ పక్కవాళ్ల ప్రాణం తీశాక, డ్రైవరు వెనక్కి తిరిగాడు.

"అక్కా, ఇక్కడ దిగి నడువు. లారీ సంగతి తేలినా అవతల ఎవరిదో దినం, రోడ్డంతా కుర్చీలే. బండి పోదు."

పోకువా దిగి ఎండలో నడిచింది. తన వీధి మొదట్లోనే జనం. నలుపు, ఎరుపు, మైకులో నెమ్మదిగా సాగే ప్రార్థన పాట. ఇవాళే దొరికిందా వీళ్లకు చావడానికి అని ఆమెకు ఒళ్లు మండిపోయింది. నీళ్ల ప్యాకెట్లు అమ్ముకునే మనిషిని ఆపింది.

"ఎవరు పోయారమ్మా? రోడ్డు మొత్తం మూసేశారు, ఇంకొకళ్లకి పనులుండవా?"

"గరీ మేడమంట. పోకువా."

"ఏ పోకువా?"

"అదే, పెద్ద నోరు. పొద్దున బస్టాండుకి పోతూ నారింజపళ్ల లారీ కింద పడిందంట పాపం. ఫోను చేస్తే ఇంట్లోనే మోగుతోందంట. నీళ్లు కావాలా?"

పోకువా నీళ్లు కొనుక్కుని తాగింది. ఇంకొకటి కొని నెత్తిన పోసుకుంది. తర్వాత గోడ మీద తన ఫొటో కనబడింది. చుట్టూ మబ్బులు, రెండు తెల్ల పావురాలు, పైన బంగారు రంగు కిరీటం. తన కార్ఖానా వయసు తెలియాలని వేయించిన అంకెలు ఫొటో కిందే ఉన్నాయి: 2009–2024.

"పదిహేనేళ్లకే పోయిందా?" అన్నాడు అక్కడ నిలబడ్డ ముసలాయన. "మొహం చూస్తే యాభైకి తక్కువుండదే."

"చాకిరీ అలాంటిది తాతా," అంది పక్కామె.

అరవబోయి పోకువా నోరు నొక్కుకుంది. ముందు లాంప్టీ సంగతి తేలాలి. ఆయన ఇంకా రాకపోతే ఈలోగా ఇదంతా పీకేయించవచ్చు. తలగుడ్డ మొహం మీదికి లాక్కుని గుంపులో దూరింది. అందరిలాగే నలుపు కట్టుకుని ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. మొదటి వరసలో ఊరి నుంచి వచ్చిన దూఫియె పిన్ని గుండెలు బాదుకుంటోంది. వెనక వరసలో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"మంచిదే. పని దగ్గర మాత్రం రాక్షసి."

"పోయినవాళ్లని అనకూడదు. రాక్షసే, కానీ మంచిది."

పోకువా పక్క సందులోంచి పెరటివైపు వెళ్లి గోడ పగుల్లోంచి తొంగిచూసింది. పొయ్యిలన్నీ మండుతున్నాయి. తురిమే యంత్రం తిరుగుతోంది. అన్సొమా కళ్లూ ముక్కూ భుజానికి తుడుచుకుంటూ పెనం తిప్పుతోంది. ఆమె ఎదురుగా స్టూలు మీద కళ్లద్దాల మనిషి పుస్తకం తెరిచి కూర్చున్నాడు. లాంప్టీ తెల్లవారుజాము బస్సుకే ఊళ్లో దిగి, కాస్త పడుకుని లేచి, పదకొండింటికి గరీ కార్ఖానా ఎక్కడని టాక్సీవాణ్ణి అడిగితే, వాడు ఆయన్ని తిన్నగా దినం దగ్గర దింపాడు.

"యజమాని పోయిన రోజున కూడా పని చేస్తున్నారే?" అన్నాడు ఆయన.

"చేయకపోతే ఎలా సార్? మూటలు బుధవారం కట్టాం. ఇవాళ వేయించకపోతే పులిసిపోయి పారబోయాలి. అలా చేస్తే మేడమ్ లేచొచ్చి మరీ తంతుంది." అన్సొమా భోరుమంది. చెయ్యి మాత్రం ఆగలేదు.

"మరి సోమవారం నుంచి?"

"సోమవారం నాలుగో పొయ్యికి మట్టి మెత్తాలి సార్. మంగళవారం పెండలం బండి. బడుల సరుకు శుక్రవారానికి. మేడమ్ ఇవన్నీ రోజుకు పదిసార్లు అరిచేది సార్, మర్చిపోదామన్నా కుదరదు."

లాంప్టీ ఏదో రాసుకున్నాడు. "పద్దెనిమిది చోట్లు తిరిగానమ్మా. యజమానికి తలనొప్పి వస్తే తలుపులు మూసేసే చోట్లే అన్నీ. ఇలాంటిది చూడలేదు. మీ యంత్రం మీకు వస్తుంది."

గోడ అవతల పోకువా ఎగిరి గంతేసినంత పని చేసింది. యంత్రం వచ్చేసినట్టే! ఆయన సంతకం పెట్టేదాకా, ఇంకో పది నిమిషాలు, చచ్చినట్టు అక్కడే పడి ఉంటే చాలు. ఆ మాట తనకు తాను గట్టిగా చెప్పుకుంది. రెండు చేతులతో గోడ పట్టుకుంది. అప్పుడే మూడో పెనం కింద మంట ఎగదన్నడం కనబడింది. చూడకూడదనుకుంది. చూసింది.

"ఒసేయ్, మూడో దాని కింద కట్టె లాగండే! మాడిపోతోంది!"

ఆ తర్వాత జరిగినదానికి పెనాలు మాత్రమే సాక్ష్యం. పదకొండుమందీ తెడ్లు పారేసి తలో దిక్కుకు పరుగెత్తారు. ఆ కేకలకు షామియానా కింద జనం లేచి రోడ్డు మీద పడ్డారు. పోకువా గోడ చుట్టూ తిరిగి పెరట్లోకి వచ్చేసరికి మూడో పెనమే కాదు, ఐదు పెనాలూ మాడిపోయాయి.

లాంప్టీ కదలలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"మీరేనా యజమాని?"

"నేనే సార్. బతికే ఉన్నాను సార్, చూడండి! ఇదంతా ఆ ప్రెస్సువాడు..."

"కనబడుతోంది," అంటూ ఆయన మాడువాసన పీల్చి, పుస్తకంలో అరపేజీ కొట్టేశాడు.

"ఏం కొట్టేశారు సార్?"

"మీరు లేకపోయినా పని నడుస్తుందని రాశాను. మీరు రాగానే ఆగిందని కూడా రాయాలి కదా."

"దయ్యమనుకుని భయపడ్డారు సార్, అంతే!"

బస్తాల వెనక నుంచి అన్సొమా తల ఎత్తింది. "దయ్యమని కాదు మేడమ్. మీ గొంతని."

పోకువా మాడిన పెనాల వైపు చూసింది. పదకొండుమంది అన్నం తన నోటితోనే పోగొట్టుకుందన్నమాట. లాంప్టీ ఆమె మొహం చూశాడు, గడియారం చూశాడు.

"నా బస్సు నాలుగున్నరకి. ఒక గంట చూస్తాను. మీరు ఆ షామియానా కింద కూర్చోండి. లేవకూడదు, పలకకూడదు. మీరు ఉండగా కూడా పని నడిస్తే, కొట్టేసింది మళ్లీ రాస్తాను."

పోకువా వెళ్లి మొదటి వరసలో కూర్చుంది. పారిపోయిన జనం ఒక్కొక్కరే తిరిగొచ్చారు. వచ్చిన సంగతి తేలకుండా, తెచ్చిన భోజనం తినకుండా ఎలా పోతారు? దూఫియె పిన్ని ఆమెను తల నుంచి కాళ్లదాకా తడిమి చూసింది, ఏడ్చింది, ముద్దు పెట్టుకుంది, ఆపైన కోపం తెచ్చుకుంది.

"మూడు బళ్లు మారి వచ్చానే ఏడవడానికి! మాట్లాడవేం?"

పోకువా వేలితో లాంప్టీని చూపించింది. విషయం తెలిశాక పిన్ని ఆమె మణికట్టు ఒడిసిపట్టుకుంది.

పెరట్లో పొయ్యిలు మళ్లీ రాజుకున్నాయి. కాసేపటికి తురిమే యంత్రం బెల్టు ఊడి చప్పుడు ఆగిపోయింది. పోకువా సగం లేచింది.

"కూర్చోవే! పోయినదానివి పోయినట్టుండు."

కూర్చుంది. పెదవి కొరుక్కుంది. ఎదురుగా, తెరిచిన తలుపులోంచి చూస్తే, ఎవతో బస్తా మూతి వంకరగా కుడుతోంది. పోకువా కాలు దానంతటదే నేలను తన్నడం మొదలుపెట్టింది. అటువైపు కూర్చున్న ముసలాయన ఆ కాలి మీద చెయ్యేసి నొక్కాడు. ఇంతలో యంత్రం చప్పుడు మళ్లీ మొదలైంది. బెల్టు ఎవరు ఎక్కించారో తెలియదు. వంకరగా కుట్టినదాన్ని అన్సొమా విప్పించి మళ్లీ కుట్టించింది, అచ్చం పోకువా తిట్టినట్టే తిట్టి. ఒక్కరూ పోకువా వైపు చూడలేదు, ఒక్కరూ వచ్చి ఏమీ అడగలేదు.

ఇన్నేళ్లూ తను ఒక్కతే మోస్తున్నాననుకుంది. ఇంతమంది మోస్తుంటే పైన కూర్చుని అరుస్తున్నది తనేనేమో అని ఆమెకు మొదటిసారి అనిపించింది. సంతోషపడాల్సిన సంగతే. అయినా చిన్నతనంగా ఉంది, మనసంతా కలుక్కుమంటోంది. కళ్లలోంచి నీళ్లు కారాయి. చుట్టూ ఉన్నవాళ్లు దినానికి వచ్చినవాళ్లే కాబట్టి, అలవాటు ప్రకారం వీపు నిమిరి ఓదార్చారు.

నాలుగింటికి లాంప్టీ చేతులు దులుపుకుంటూ బయటికి వచ్చాడు. బాధ్యురాలు అన్నచోట అన్సొమా చేత సంతకం పెట్టించానని, వచ్చే నెల లారీలో యంత్రం, పొయ్యిలు వస్తాయని చెప్పాడు. షామియానా కింద ఒక్కసారిగా కేకలు, చప్పట్లు. మైకువాడు ప్రార్థన పాట ఆపేసి డాన్సు పాట పెట్టాడు. పోకువా లేవలేదు. పిన్ని చేతిలో చెయ్యి ఉంచుకునే, ఇంకో చేత్తో కాగితం అందుకుని చదివింది. యజమాని గురించిన గడిలో ఆయన గుండ్రటి అక్షరాలతో రాశాడు: "బతికే ఉంది. అందువల్ల వ్యాపారానికి పెద్దగా నష్టం కనిపించలేదు."