బర్రె మీద బొమ్మ

ఆ శనివారం పొద్దున సాయిలు వేసుకున్న పథకం చాలా చిన్నది. పాలు పిండాలి, స్నానం చేయాలి, ఇస్త్రీ చొక్కా తొడగాలి, భార్య లలితమ్మను వెంటబెట్టుకుని సంతోష్‌నగర్‌లోని సెంటరుకు వెళ్లాలి. మొదటి మూడూ ఆయన చేతిలో పనులే. నాలుగోది లలితమ్మ దయ. ఆ దయ అంత తొందరగా కదలదని యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీలో అందరికీ తెలుసు.

సెంటరంటే తాగుడు మానుకున్నవాళ్లు ఒకచోట చేరి బొమ్మలు వేసుకునే హాలు. నడిపించే అమ్మాయి పేరు ఆశ్రిత. "నోటితో చెప్పలేనిది రంగుతో చెప్పండి. బాగుందా లేదా అని ఇక్కడ ఎవరూ అడగరు" అంటుంది. మొదటిరోజు సాయిలు, "ఈ వయసుల ఇదేం పోరగాళ్ల ఆట మేడం" అని నవ్వాడు. తీరా గంటయ్యాక లేవమంటే లేవలేదు. పాలు పిండే వేళ్లకు కుంచె అంత చక్కగా అమరుతుందని ఆయనకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు మరి. తన పెళ్లికి ముందురాత్రి సైతం గుర్రుపెట్టి పడుకున్న మనిషి, ఇప్పుడు శుక్రవారం వస్తే చాలు, సంబరంతో నిద్రపోవడం మానేశాడు. గల్లీలో మాత్రం మోకాలి నొప్పికి మందు తెచ్చుకుంటున్నానని చెప్పుకున్నాడు.

ఈ వారం ఇంటివాళ్లు రావలసిన రోజు. ఎవరి మనసు నొప్పించారో వాళ్లకోసం ఒక బొమ్మ వేసి, ముందుగా వాళ్లకే చూపించి, ఒప్పుకుంటే వెంట తీసుకురమ్మంది ఆశ్రిత. సాయిలు వేసిన బొమ్మలో ఒక మనిషి రెండు చెవులూ పట్టుకుని నిలబడ్డాడు. పక్కన పాల క్యాను. పైనుంచి క్యానులోకి నీలిరంగు చుక్కలు. మనిషి తనే, చుక్కలు లలితమ్మ కన్నీళ్లు. ఆయన తాగి మంచాన పడి ఉన్న ఏళ్లన్నీ ఆమె ఒక్కతే చీకటితో లేచి, ఏడుస్తూ పాలు పిండి, ఇంటింటికీ తిరిగి పోసింది. ఆయన మానేసి నెలలు గడుస్తున్నా ఆమె ఒక్కసారి కూడా నమ్ముతున్నానని అనలేదు. ఆ ఒక్క మాట కోసం సాయిలు ప్రాణం కొట్టుకుంటోంది. ఈ బొమ్మ చూస్తే అంటుందని ఆశ.

కొట్టంలోకి రాగానే కనబడాలని బొమ్మను గడ్డిమోపు మీద నిలబెట్టి, లలితమ్మను పిలవడానికి లోపలికి వెళ్లాడు. ఆమె దేవుడి దగ్గర ఉంది. "దీపం వెట్టి వస్త, ఆగు" అంది. ఆయన తిరిగి వచ్చేసరికి ఆయన బర్రె చమేలీ, గడ్డితోపాటు బొమ్మను కూడా నములుతోంది. చెవి పట్టుకున్న చెయ్యి ఒక్కటే ఇంకా బయట వేలాడుతోంది. చూస్తుండగానే అదీ లోపలికి వెళ్లిపోయింది.

ఇంకొకడైతే తల పట్టుకునేవాడు. సాయిలు ఆ రోజు మంచి ఊపు మీదున్నాడు. సెంటరువాళ్లిచ్చిన రంగుల డబ్బాలు తెచ్చి చమేలీ ముందు నిలబడ్డాడు. నల్లగా, నున్నగా, గోడంత వెడల్పుగా ఉన్న దాని పక్కను చూస్తే ఆయనకు కాగితాలన్నీ దండగనిపించాయి.

"నువ్వే తిన్నవ్ గద, నువ్వే సూపియ్యి" అంటూ మొదలుపెట్టాడు. తెల్లటి మనిషి, తెల్లటి క్యాను, నీలి చుక్కలు. కాగితం మీదకంటే మస్తుగా కుదిరింది. ఆ సంతోషంలో చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పరుగెత్తాడు గాని, చమేలీ తాడు ముడి ఊడిపోయి ఉందని చూసుకోలేదు.

చమేలీకి ఒక అలవాటుంది. తమ పాలు కొనే ఇళ్లవాళ్లు దానికోసం కూరగాయల తొక్కలు, రాత్రి మిగిలిన రొట్టెలు తీసిపెడతారు. తాడు వదులైతే చాలు, ఆ ఇళ్లన్నీ వరుసగా తిరిగి, ఒక్కో గుమ్మం ముందు అడ్డంగా నిలబడి, పెట్టింది తిని కదులుతుంది. ఒక్క ఇల్లు కూడా తప్పదు.

మొదటి ఇల్లు పూజారి భార్య రమాబాయిది. సొరకాయ తొక్కలు పట్టుకుని బయటికి వచ్చిన ఆమె ఆ బొమ్మను పైనుంచి కిందికి చూసింది. పాలవాడు చెవులు పట్టుకున్నాడు. క్యానులోకి నీళ్లు పడుతున్నాయి. ఇంక చెప్పేదేముంది?

"ఏమండీ, ఇటు రండి. సాయిలు పాలల్ల నీళ్లు కలిపిన్నని బర్రె మీద బొమ్మేసి తిప్పుతున్నడు" అంది లోపలికి తిరిగి.

రెండో ఇంటికి చేరేసరికి అవి బోరునీళ్లయ్యాయి. మూడో ఇంటి దగ్గర, ఆయనకు కలలో అమ్మవారు కనబడి, ఇంటింటికీ వెళ్లి ఒప్పుకోమందని తేలింది. గల్లీ చివర ఒక పెద్దాయన, ఈ రోజుల్లో ఇంత నిజాయితీ ఎక్కడుందని మెచ్చుకుని, రేపటి నుంచి పాలు వద్దన్నాడు.

సాయిలు రొప్పుతూ వచ్చేసరికి చమేలీ చుట్టూ జనం. అదే సమయానికి జగదీశ్వర్ బైక్ దిగాడు. ఆ చుట్టుపక్కల పాలవాళ్లందరికీ ఆయన పెద్ద.

"ఏందే సాయిలన్నా ఇది? చెవులు వట్టుకోవాలనుంటె ఇంట్ల వట్టుకో. నీ బర్రెను జూసి మా గిరాకీలు గూడ పాలు పరీక్ష జేపిస్తమంటున్రు."

"మీ పాలల్ల నీళ్లు లేకుంటె మీకేం ఫికర్ అన్నా?" అన్నాడు సాయిలు అమాయకంగా.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, జగదీశ్వర్ బైక్‌కు రెండోసారి స్టాండు వేయడంలో మునిగిపోయాడు.

"ఇవి నీళ్లు గావమ్మా" అన్నాడు సాయిలు రమాబాయితో.

"మరేంది?"

చెప్పాలంటే మోకాలి నొప్పి సంగతి బయటపడుతుంది. పైగా ముందు లలితమ్మకే చూపించాలని మాట. అందుకని సాయిలు భుజం మీది తువాలు తీసి చుక్కలను తుడిచేయబోయాడు. ఆరని నీలిరంగు కిందికి జారి, చుక్కలు కాస్తా ధార అయ్యాయి.

"అబ్బో, గిన్ని నీళ్లా?" అన్నారెవరో వెనకనుంచి.

అప్పుడే లలితమ్మ పాల క్యానుతో గల్లీలోకి వచ్చింది. బొమ్మను చూసింది. ఆమె మొహం పాలిపోయింది. అది చూసి సాయిలు తువాలు దించేశాడు. ఇంత కాలానికి మనిషినయ్యాననుకుంటే, నడివీధిలో ఆమె పరువు తీశాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాడు.

"అందరు ఇనున్రి. నాకు మోకాలి నొప్పి లేదు, ఏం లేదు. తాగుడు మానినోళ్ల గ్రూపుకు పోతున్న. ఆడ బొమ్మలేస్తం. ఇవి నీళ్లు గావు, మా లలిత కన్నీళ్లు. నేను తాగి పంటే అదొక్కతే ఏడ్సుకుంట పాలు పిండింది. నేను చెవులు వట్టుకున్నది దాని ముందట."

రమాబాయి కొంగుతో కళ్లొత్తుకుంది. రేపటి నుంచి పాలు వద్దన్న పెద్దాయన, రెండు పూటలా పోయమన్నాడు. సాయిలు గుండె ఉప్పొంగిపోయింది. లలితమ్మ ఒక్క నిమిషం నోరు మెదపకుండా ఉంటే అంతా సుఖంగా ముగిసేది.

"అవి నీళ్లే" అంది లలితమ్మ.

"ఏందే?"

"నీళ్లేనయ్యా. నువ్వు తాగి తగలవెడ్తుంటె ఇల్లెట్ల నడిసిందనుకున్నవ్? రోజు ఓ బిందె పోసిన. నువ్వు మానినంక గూడ పోస్తనే ఉన్న. మళ్ల మొదలువెడ్తవేమోనని భయం, నాలుగు పైసలు దాసుకుంటున్న. బొమ్మ జూసి నీకు తెలిసిపోయిందనుకున్న."

క్యాను కింద పెట్టి, ఆమె రెండు చెవులూ పట్టుకుంది. సాయిలుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సిగ్గుతో ఆయన చేతులు కూడా చెవుల దగ్గరికి వెళ్లాయి. మొగుడూ పెళ్లాలిద్దరూ బర్రెకు చెరో పక్కన అలాగే నిలబడిపోయారు.

"దించున్రి చేతులు" అంది రమాబాయి. "తోడేస్తె పెరుగు గరిటెకు నిలవకపాయె, మాకు తెల్వదా? నీ సంసారం జూసి ఊకున్నం లలితమ్మా."

"మరి ఇయ్యాల ఇంత లొల్లి ఎందుకు జేసిన్రమ్మా?" అన్నాడు సాయిలు.

"ఎవ్వరు మాట ఎత్తకుంటె ఊకున్నం. బొమ్మేసి ఇంటి ముందటికి తోలినంక గూడ ఊకుంటె, మాకు పాలేవో నీళ్లేవో తెల్వదనుకోరా నలుగురు?"

క్యానులో ఏముందో ఎరిగీ అందరూ గిన్నెలు తెచ్చి పోయించుకున్నారు. అడుగు దాకా పోసేసి లలితమ్మ మూత పెట్టింది.

"రేపటి సంది నీళ్లు పొయ్య" అంది.

"నేను మళ్ల తాగితే?" నోరు జారి అడిగాడు సాయిలు.

"తాగవులే" అంది ఆమె, చమేలీ తాడు అందుకుంటూ. "నడువ్, చీర మార్సుకుంట. మీ మేడం ఎదురుసూస్తుంటది."

సాయిలు ఇల్లు చేరేదాకా ఆమె వెనకే, ఆడుతూ పాడుతూ బడికి వెళ్లే పిల్లాడిలా నడిచాడు.

సెంటరులో ఆశ్రిత ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, "మీ బొమ్మ ఏదండీ?" అని అడిగింది.

"కొట్టంల గడ్డి మేస్తున్నది మేడం" అన్నాడు సాయిలు. లలితమ్మ పెళ్లయిన కొత్తలో నవ్వినట్టు నవ్వి, తనకూ ఒక కాగితం ఇమ్మంది.

ఆ మరుసటి శనివారం జగదీశ్వర్ కూడా వచ్చాడు. ఆయనకు తాగుడు లేదు. మనసులో ఏదో బరువుగా ఉందంటే ఆశ్రిత కూర్చోమంది. ఆయన పెద్ద బర్రెను వేసి, చాలాసేపు ఆలోచించి దాని పక్కన ఒక నీళ్ల నల్లా గీశాడు గాని, లలితమ్మ తొంగిచూసేసరికి దానికి గబగబా ఆకులు పెట్టి చెట్టును చేశాడు.