అలమర వెనకాల పక్కిల్లు

ఆదివారం పొద్దున్నే పొదుపుగారు నడుం మీద చేతులు పెట్టుకుని, పరీక్ష తప్పిన కొడుకును చూసినట్టు వంటగదిని ఎగాదిగా చూశారు. పొదుపు ఆయన అసలు పేరు కాదు. బస్సుల టైమ్‌టేబుళ్లు వేసే ఆఫీసులో, ఎదుటివాళ్లు ఇంకా రాసుకుంటూ ఉండగానే లైట్లు ఆర్పేసే అలవాటు వల్ల తోటివాళ్లు తగిలించిన పేరు. అది ఇంటిదాకా వచ్చి స్థిరపడిపోయింది.

ఇల్లు అమ్మేయాలి. ఆ సంగతిలో మొగుడూ పెళ్లాలకు రెండో మాట లేదు. కారణం పక్క వాటాలో ఒంటరిగా ఉండే లెక్కల టీచరమ్మ. ఆవిడ రిటైరై చాలా కాలమైంది. రెండు వంటగదులకూ మధ్య ఒకే గోడ. ఇటు కుక్కరు కూతలు వేయడం మొదలెడితే అటునుంచి ఆవిడ గరిటెతో గోడ మీద టకటకా కొట్టేది. ఆ మోత వినగానే పొదుపుగారి భార్య మిక్సీలో ఏమున్నా లేకపోయినా గిర్రున తిప్పేది. ఏళ్ల తరబడి రెండిళ్ల మధ్యా మాటామంతీ అంటే అంతే. మెట్ల మీద ఎదురుపడితే ఒకరు గోడవైపు, ఒకరు రెయిలింగువైపు చూసుకుంటూ దిగేవారు.

"రోజంతా వార్డులో మూలుగులు వింటాను. ఇంటికొచ్చాక ఆ గరిటె మోత కూడా వినడం నావల్ల కాదు" అంది భార్య. ఆవిడ ఆస్పత్రిలో హెడ్‌నర్సు. ఆవిడ వల్ల కాదంటే ఇక ఎవరివల్లా కాదు.

కొనడానికి వచ్చినవాళ్లు మాత్రం హాల్లో నవ్వేవారు, పడగ్గదిలో తలూపేవారు, వంటగది గుమ్మం దగ్గరకు రాగానే ఏదో పని గుర్తొచ్చి వెళ్లిపోయేవారు. "సార్, ఇల్లు కొనేది మగాళ్లు, వద్దనేది ఆడాళ్లు. అదీ వంటగదిలోనే అంటారు. కాస్త ఖర్చుపెట్టి బాగుచేయించండి" అన్నాడు బ్రోకరు.

"కాస్త" అన్న మాట ఒక్కటే పొదుపుగారి చెవికెక్కింది. అలమర తలుపులకు రంగు, స్టవ్ గట్టుకు చలవరాయిలా కనిపించే స్టిక్కరు, ఒక కొత్త కుళాయి. అంతే. మేస్త్రీ అక్కర్లేదు, వడ్రంగి అక్కర్లేదు. సాయానికి బావమరిది చాలు.

బావమరిది చెప్పుల షాపులో సేల్స్‌మన్. ఫోనులో చూసి నేర్చుకోని విద్యంటూ అతనికి లేదు. చేత్తో చేసి చూసింది మాత్రం ఇంతవరకూ ఏదీ లేదు. ఆ పొద్దున డ్రిల్లింగ్ మిషనూ సుత్తీ అద్దెకు తెచ్చుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని దిగాడు.

భార్య డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో ఆగింది. "ఏం చేసుకుంటారో చేసుకోండి. నేనొచ్చేసరికి ఆ స్టవ్ మీద టీ పెట్టుకోగలగాలి. నేనడిగేది అదొక్కటే."

"అప్పటికల్లా నువ్వే ఇల్లు అమ్మొద్దంటావక్కా" అన్నాడు తమ్ముడు.

ఆవిడ వెళ్లగానే పొదుపుగారు రంగు డబ్బా మూత తీశారు. బావమరిది దాన్ని మళ్లీ మూసేశాడు. "తలుపులకు రంగేమిటి బావగారూ? తలుపులే పాత ఫ్యాషను. ఇప్పుడంతా తెరిచిన అరలే. తలుపులు ఊడదీస్తే సరి, రంగు ఖర్చు కూడా మిగులుతుంది."

మిగులుతుందన్న మాట దగ్గర పొదుపుగారు ఎప్పుడూ మెత్తబడతారు. తలుపులు ఊడదీశారు. ఆఖరి తలుపు చేతిలోకి వచ్చాక కానీ, ఇన్నాళ్లూ ఆ అలమరను పట్టి నిలబెట్టింది ఆ తలుపులేనని వాళ్లకు తెలియలేదు. అలమర నెమ్మదిగా ముందుకు వంగింది. ఇద్దరూ చెరోవైపూ చేతులెత్తి ఆపారు.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నారు పొదుపుగారు, మెడ తిప్పడానికి కూడా వీల్లేక.

"వీడియోలో చూశాను, కానీ ఫోను జేబులో ఉంది. చేతులు ఖాళీ లేవు" అన్నాడు బావమరిది. "ఒక పని చేద్దాం. మూడు లెక్కపెడతాను. మూడనగానే ఇద్దరం వదిలేసి వెనక్కి గెంతుదాం. ఒకటి, రెండు..."

రెండు దగ్గరే అతను గెంతాడు.

దుమ్ము అణిగాక చూస్తే అలమర గట్టు మీద బోర్లా పడి ఉంది. కుళాయి దాని కింద ఎక్కడో ఉండాలి. పొదుపుగారు ఒక మూల బట్టలు దులుపుకుంటుంటే, బావమరిది మాత్రం పెచ్చులూడిన గోడకు చెవి ఆనించి వేళ్లతో కొట్టి చూస్తున్నాడు.

"బావగారూ! లోపల డొల్ల! వెనక పాత గూడేదో ఉంది. పూడ్చేసినట్టున్నారు. తవ్వితే పైసా ఖర్చు లేకుండా గోడలోనే అలమర!"

పైసా ఖర్చు లేకుండా! పొదుపుగారు తనే సుత్తి అందించారు.

నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో అటునుంచి టకటకా మోత వినిపించింది.

"మొదలెట్టింది. ఇవాళ కుక్కరు కూడా పెట్టలేదే!" అన్నారు పొదుపుగారు.

"మా అక్కను ఇన్నాళ్లూ ఏడిపించింది చాలు" అని బావమరిది రెండు చేతులా సుత్తి పట్టుకున్నాడు. అటు మోత జోరందుకుంది. ఇటు దెబ్బలూ జోరందుకున్నాయి. అటువైపు ఎవరో ఏదో అరుస్తున్నట్టు కూడా ఉంది. "అరవనీ బావగారూ" అంటూ అతను ఆఖరి దెబ్బ వేశాడు. ఇటుకలు ఇటు రాలలేదు. అటు పోయాయి.

గోడలో బండి చక్రమంత కంత పడింది. దాని అవతల నిజంగానే ఒక గూడు ఉంది. గూట్లో వరసగా స్టీలు డబ్బాలున్నాయి. ఇద్దరూ నోరు తెరుచుకుని చూస్తుండగా, అటునుంచి ఒక చెయ్యి వచ్చి టీపొడి డబ్బా తీసుకుంది. ఆ వెనకే జుట్టంతా సున్నం పడ్డ టీచరమ్మ ముఖం కనిపించింది. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, పెట్టుకుని, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నాతో పనుంటే తలుపు కొట్టొచ్చుగా నాయనా?"

పొదుపుగారు బోర్లా పడ్డ అలమరవైపు వేలు చూపించారు. "అలమర... గూడు... డొల్లగా ఉందని..."

"అది నా గూడు. నిండుగానే ఉండేది" అంది ఆవిడ.

సరిగ్గా అప్పుడే భార్య ఇంటికొచ్చింది. బోర్లా పడ్డ అలమరను చూసింది. మొగుణ్ణి చూసింది. తమ్ముణ్ణి చూసింది. కంతలోంచి చూస్తున్న టీచరమ్మను కూడా చూసింది. బావమరిది మెల్లగా సుత్తిని పొదుపుగారి చేతిలో పెట్టేశాడు.

"తప్పైపోయిందండీ" అంది ఆవిడ కంతవైపు తిరిగి, పళ్లు బిగించి. "కానీ మీరు మాత్రం? ఇన్నేళ్లుగా కుక్కరు కూస్తే చాలు గోడ బాదడమేనా?"

టీచరమ్మ ఆశ్చర్యపోయింది. "కూస్తే చాలని కాదమ్మా. ఎక్కువైతే కొట్టేదాన్ని. నువ్వు డ్యూటీలో ఉండగా ఈయన స్టవ్ వెలిగించి హాల్లో కూర్చుని కునుకు తీస్తారు. కూతలు లెక్కపెట్టేది నేనే. అడుగంటుతుందని కొట్టేదాన్ని."

భార్య పొదుపుగారివైపు తిరిగింది. ఆయన కుళాయి కోసం వెతకడం మొదలుపెట్టారు.

"మరి నేనున్నప్పుడు?"

"నువ్వూ వార్డునుంచి వచ్చి అలసిపోయి కూర్చుంటావు కదా. నేను కొట్టగానే మిక్సీ తిప్పేదానివి. సరే, విన్నానని చెప్తున్నావనుకునేదాన్ని. పలకరింపులా ఉండేది. మిక్సీ వినబడని రోజు తోచేది కాదు."

భార్య కొంగుతో ముఖం తుడుచుకుంది, దుమ్ము పడిందన్నట్టు. "టీ పెట్టుకుందామంటే స్టవ్ మీద అలమర పడుంది టీచరుగారూ" అంది.

"నా స్టవ్ మీద ఏమీ పడలేదు. రా."

ఆ వారమంతా వంట అటు, భోజనం ఇటు. గిన్నెలు కంతలోంచి వచ్చేవి, కంతలోంచే వెళ్లేవి. ఆస్పత్రి కబుర్లు, బడి కబుర్లు, మొగుళ్ల కబుర్లు కూడా దాంట్లోంచే నడిచేవి. పొదుపుగారు పనిమీద వంటగదిలోకి వస్తే రెండువైపులా మాటలు ఆగిపోయి నవ్వులు మొదలయ్యేవి. వారం చివర భార్య తేల్చి చెప్పేసింది. "ఏమండీ, ఇల్లు అమ్మట్లేదు."

పొదుపుగారు వెంటనే బ్రోకరుకు ఫోను చేశారు. "మేం ఇల్లు అమ్మం."

"అర్థమైంది సార్!" అన్నాడు అతను ఉత్సాహంగా. అమ్మం అన్నవాళ్లు ధర పెంచమంటున్నారని అతని అనుభవం. మర్నాడు పొద్దున్నే లారీ విడిభాగాల వ్యాపారినీ ఆయన భార్యనూ వెంటబెట్టుకుని తలుపు కొట్టాడు.

వద్దు వద్దంటున్నా వ్యాపారి భార్య తిన్నగా వంటగదిలోకి నడిచింది. గట్టువైపు చూసి ముఖం ముడుచుకుంది. తర్వాత కంతకు అడ్డంగా గోడకు వేలాడుతున్న దుప్పటి ఎత్తి చూసింది. అవతల అద్దంలా మెరుస్తున్న గట్టు, తీర్చిన డబ్బాలు, కిటికీలోంచి పడుతున్న ఎండ.

"ఏమయ్యా, ఇది కూడానా?"

హాల్లో ఉన్న బ్రోకరు తల కూడా తిప్పలేదు. "కనిపించేదంతా మీదేనండీ!"

"ఈ పెద్దావిడ కూడానా?"

కందిరీగ కుట్టినట్టు బ్రోకరు పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే టీచరమ్మ అటునుంచి, "లోపలికి వచ్చి చూడమ్మా, తలుపు అటుంది" అంటోంది. పొదుపుగారు ఆపేలోగా పార్టీ బయటికెళ్లి పక్క గుమ్మంలోకి దూరింది. దుప్పటి ఇవతల భార్యాభర్తలకు నవ్వులు వినిపించాయి, గ్లాసుల చప్పుడు వినిపించింది, చివరికి బ్రోకరు "అడ్వాన్సు" అనడం కూడా వినిపించింది.

వాళ్లు వెళ్లాక భార్య కంత దగ్గరికి వెళ్లింది. "అమ్మేశారా టీచరుగారూ? మాకు ఒక్క మాటైనా..."

"ఒంటిదాన్ని, నాకింత ఇల్లెందుకమ్మా? పై అంతస్తులో డాబా పక్కన మీ గది ఖాళీగా ఉంది. ఎప్పట్నుంచో దానిమీద మనసు. కొనేవాళ్లు వాళ్లంతట వాళ్లే గోడలోంచి వస్తారని నేనేమైనా కలగన్నానా?"

"కానీ ఆ గదికి వంటగది లేదు కదండీ" అన్నారు పొదుపుగారు.

"మీకుందిగా" అంది టీచరమ్మ.

భార్య పకపకా నవ్వి, కంతలోంచి రెండు చేతులూ చాచి ఆవిడ చేతులు పట్టుకుంది. ఆ రోజే పనులు పురమాయించారు. కొత్తవాళ్లకు పాతదానికి రెట్టింపు దళసరి గోడ, ఇటు అసలైన చలవరాయి గట్టు, తలుపులున్న టేకు అలమర, డాబా గదికి కొత్త మెట్లు. అన్నిటికీ కొలతలు టీచరమ్మే వేసింది. ఎక్కడా ఒక్క అంగుళం తగ్గించనివ్వలేదు. బావమరిదిని పని పూర్తయ్యేదాకా ఆ వీధిలోకి రావద్దన్నారు.

ఇల్లు అమ్మకుండా ఉండడానికి తనకు మొత్తం ఎంత ఖర్చయిందో పొదుపుగారు ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.