పన్నెండో సూది

దర్జీగారిలో ఒక్క లోపం చెప్పమంటే ఆయన భార్య తడుముకోకుండా చెప్పేది: తనలో లోపమే లేదనుకోవడం. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆయన తప్పు చేసిన దాఖలా ఒక్కటీ లేదు. పాలు పొంగితే తప్పు పొయ్యిది. బస్సు దాటిపోతే డ్రైవరుది. ఒక పెద్దమనిషి ప్యాంటుకు ఒక కాలు పొట్టిదైతే, కొలతలిచ్చేటప్పుడు ఆయనే సరిగ్గా నిలబడలేదని తేల్చి పంపించేశారు.

ఇంటి ముందుగదే కుట్టుగది. మిషను పక్కన ఒక ఎర్ర దిండు, దాని మీద రెండు వరసల్లో పన్నెండు చేతిసూదులు. ముందు సూది దిండుకెక్కాలి, ఆ తర్వాతే మనిషి కుర్చీ దిగాలి. గదిలోంచి వెళ్లేవాళ్లు తలుపు మూసి వెళ్లాలి. ఈ రెండో నియమం దొర కోసం. దొర అంటే కుక్క. ఎవరో ఒకరు తనకు సేవ చేయాలన్నట్టు చూసే దాని చూపును బట్టి వచ్చిన పేరది. అప్పటికే రెండు మేజోళ్లు, ఒక సబ్బుబిళ్ల, అత్తగారి పళ్లపొడి డబ్బా మూత మింగి అరిగించుకున్న ఘనత దానిది.

ఆ రోజు పథకం చాలా సులువు. నల్లకోటు కుట్టించుకుంటున్నాయన తొమ్మిదిన్నరకు వచ్చి ఆఖరిసారి తొడిగి చూసుకుంటాడు. పదకొండుకల్లా కోటు పూర్తవుతుంది. ఆ తర్వాత అందరూ కలిసి దర్జీగారి భార్య చెల్లెలి కొత్త ఇల్లు చూడడానికి వెళతారు. మధ్యాహ్నం వంట లేదు. ఆ హుషారులో ఆమె కుట్టుగదిలో ఆయనకు కాఫీ ఇచ్చి, ఖాళీ పళ్లేలు రెండు చేతులా పట్టుకుని, మడమతో తలుపు తోసి వచ్చేసింది. పడిందో లేదో వెనక్కి తిరిగి చూడలేదు.

పదింటికి కుట్టుగదిలోంచి కేక వినిపించింది.

"సూది ఏదీ? పదకొండే ఉన్నాయి!"

ఆమె పరుగెత్తింది. బల్ల కింద దొర పడుకుని ఉంది. దాని మూతి పక్క నుంచి జానెడు నల్లదారం వేలాడుతోంది. కోటుకు వాడుతున్న దారమే. దర్జీగారు చెయ్యి చాపబోయారు. తన సొత్తు ఎవరో లాక్కుంటున్నారనుకుందేమో, దొర ఆ దారాన్ని సర్రున లోపలికి పీల్చుకుంది. ఒక్క గుటక. ఆ తర్వాత తోక ఆడించింది.

ఆమె దాని దవడలు విడదీసి చూసింది. నోరు ఖాళీ.

"తలుపెవరు తీసి పెట్టారు?" దర్జీగారు మెల్లగా అడిగారు. ఆయన అరిస్తే ఆమెకు భయం లేదు. మెల్లగా అడిగితేనే భయం.

"వేశాననే అనుకున్నానండీ..."

"అనుకున్నావా! ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా సూది దిండులో పెట్టకుండా లేచానా నేను? తలుపు తీసుంది. అది దూరింది. సూదీ దారం కలిపి లాగేసింది. ఇందులో అర్థం కానిదేముంది?"

అర్థం కానిది ఏమీ లేదు. అదే ఆమె భయం. ఇంట్లో అందరూ ఎవరి పనుల మీద వాళ్లు వెళ్లిపోతే, వంటింటి గుమ్మానికి అడ్డంగా పడుకుని ఆమె ఏకరువు పెట్టే గోడునంతా చెవులు రిక్కించి వినేది ఆ కుక్క ఒక్కటే. ఎదురు చెప్పదు, సలహా ఇవ్వదు. దాన్ని ఇప్పుడు తన మడమే చంపేస్తోంది.

పశువుల డాక్టరమ్మ ఫోను ఎంతకీ కలవలేదు. దర్జీగారు వాకిట్లో నిలబడి ఫోనుతో పోట్లాడుతున్నంతసేపూ ఆమె ఊరుకోలేకపోయింది. మెత్తటి తిండి పెడితే సూదికి చుట్టుకుని గుచ్చుకోనివ్వదని ఎక్కడో విన్నది గుర్తొచ్చింది. ఎవరూ చూడకుండా నాలుగు బ్రెడ్డు ముక్కలు పాలలో నానబెట్టి పెట్టింది. దొర నమ్మలేనట్టు చూసి, క్షణంలో గిన్నె నాకేసింది.

అప్పుడు ఫోను కలిసింది. డాక్టరమ్మ గొంతు అందరికీ వినిపించింది. "నోట్లో ఏమీ పెట్టకండి. చాలా ప్రమాదం. వెంటనే తీసుకురండి. ఏమీ పెట్టలేదు కదా?"

"మా ఇంట్లో అలాంటి పొరపాట్లు జరగవండీ," అన్నారు దర్జీగారు.

ఆమె గిన్నెను కొంగు చాటుకు లాక్కుంది. ఇప్పుడు నేరాలు రెండయ్యాయి.

టాక్సీలో దొర కడుపు డప్పులా బిగుసుకుంది. ముందు మూలిగింది. తర్వాత ఎక్కిళ్లు మొదలయ్యాయి. ఒక్కొక్క ఎక్కిలికీ లోపల సూది ఎక్కడ గుచ్చుకుంటోందోనని ఆమె కళ్లు మూసుకునేది.

"నెమ్మదయ్యా! గుంటల్లో దించకు!" అని దర్జీగారు డ్రైవరు మీద అరిచారు. నెమ్మదిగా పోనిస్తే, "ఇలా పోతే చేరేసరికి చస్తుంది, తొందరగా పోనీ!" అన్నారు.

"ఒరేయ్, ముందు నువ్వు నోరు మూసుకోరా," అంది ఆయన తల్లి. జపమాల ఆపకుండా తిప్పుతోంది. కాలేజీలో చదివే కూతురు కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటోంది. అందరి ముఖాల్లోనూ భయం ఉంది. ఆ భయం కాస్త, ఏదో దొంగతనంగా చేసినవాళ్ల భయంలా కూడా ఉందని దర్జీగారి భార్య గమనించింది గానీ, తన దొంగతనం తనకే ఎక్కువై ఊరుకుంది.

ఎక్స్‌రే బల్ల మీద దొర ఎవరికీ లొంగలేదు. చివరికి దర్జీగారే కిరణాలు తగలకుండా బరువైన ఆప్రాన్ తొడుక్కుని, రెండు చేతులతో దాన్ని అదిమి పట్టుకున్నారు. కాసేపటికి డాక్టరమ్మ తెర మీద బొమ్మ చూపించింది. వెతకక్కర్లేదు. కడుపుకు సరిగ్గా నడుమ, తెల్లగా, నిటారుగా, బెజ్జంతో సహా సూది.

"ఆపరేషన్ చెయ్యాలి," అంది డాక్టరమ్మ. "ఇక్కడ సంతకం పెట్టండి. మత్తు ఇవ్వాలి కాబట్టి నిజం చెప్పండి, పొద్దున్నుంచి ఏం తింది?"

"ఏమీ తినలేదు," అన్నారు దర్జీగారు, కలం మూత తీస్తూ.

ఆమె ఇక ఆగలేకపోయింది. "నాలుగు బ్రెడ్డు ముక్కలు పెట్టానండీ. పాలలో." చెబుతూనే ఏడ్చేసింది.

"నువ్వు కూడానా?" అంది అత్తగారు. "నేను అరటిపళ్లు పెట్టానే. మూడు. జారి బయటికొస్తుందని."

"అయ్యో, నేను ఉడికించిన గుడ్లు పెట్టాను," అంది కూతురు. "ఫోన్లో చదివాను. నాలుగు... కాదు, అయిదు."

దొరకు మరో ఎక్కిలి వచ్చింది.

దర్జీగారు ముగ్గురినీ వరసగా చూశారు. "తలుపు తీసి పెట్టిందొకరు, తిండి పెట్టింది ముగ్గురు. ఈ ఇంట్లో బుర్ర ఉన్నవాడు నేనొక్కణ్ణే అయిపోయాను. దీనికేమైనా అయితే ఆ పాపం నీదే!" అన్నారు భార్యతో. ఆమె దొర చెవి పట్టుకుని, "తప్పయిపోయిందిరా నాయనా," అని గొణుక్కుంది.

డాక్టరమ్మ నుదురు రుద్దుకుంది. "ఇంత నిండు కడుపు మీద మత్తివ్వలేను. అలాగని వదిలెయ్యనూలేను. సూది కదిలిందేమో ఇంకోసారి చూద్దాం. ఈసారి వెల్లకిలా పడుకోబెట్టి, ముందుకాళ్లు పట్టుకోండి."

దర్జీగారు మళ్లీ పట్టుకున్నారు. రెండో బొమ్మ వచ్చింది. డాక్టరమ్మ దాన్ని దగ్గరగా చూసింది, కళ్లజోడు తుడుచుకుని చూసింది. 

"కదిలింది," అంది చివరికి.

"ఎటు? గుండె వైపా?" భార్య తెర దగ్గరికి వచ్చింది.

"కుక్క బయటికి. చెవికి జానెడు దూరంలో, గాలిలో ఉంది."

డాక్టరమ్మ మొదటి బొమ్మ, రెండో బొమ్మ పక్కపక్కన పెట్టింది. తర్వాత ఏమీ అనకుండా వచ్చి, దర్జీగారి ఎడమచేతి చొక్కా మణికట్టు పట్టీని వేళ్లతో తిప్పి చూసింది. పట్టీ మడతలో సూది బుద్ధిగా గుచ్చుకుని ఉంది. దానికి బెత్తెడు నల్లదారం.

పొద్దున తొమ్మిదిన్నరకు నల్లకోటాయన గంట కొట్టినప్పుడు జరిగింది ఇదీ. చేతిలో సగం కుట్టు, ఎదురుగా దిండు, గుమ్మంలో మనిషి. దర్జీగారు సూది చొక్కాకు గుచ్చుకుని లేచిపోయారు. దొర మింగింది నేల మీద పడ్డ తెగిన దారం ముక్క. దాని మూలుగులూ ఎక్కిళ్లూ బ్రెడ్డు, అరటిపళ్లు, గుడ్ల చలవ.

ఆమె దొర మెడ చుట్టూ చేతులు వేసి అక్కడే కూలబడింది. ఈసారి ఏడుపు వేరే రకం. అత్తగారు జపమాల కళ్లకద్దుకుని, కొడుకు వైపు తిరిగింది. కూతురూ తిరిగింది. డాక్టరమ్మ సంతకం కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తూ తనూ తిరిగింది.

దర్జీగారు పైకప్పు చూశారు. ఎక్స్‌రే మిషను చూశారు. తప్పు మోపడానికి దానిలో ఏమీ దొరకలేదు. చివరికి భార్య ముందు కూర్చున్నారు.

"తప్పు నాదే," అన్నారు. "తలుపుదీ కాదు, నీదీ కాదు. దీన్ని చంపేశావని పొద్దుట్నుంచి నిన్ను అన్నాను చూడు, అది ఇంకా పెద్ద తప్పు."

ఆమె దొర వీపు నిమురుతూ తలెత్తింది. "వినిపించలేదండీ. ఏమన్నారు?"

"తప్పు నాదే అన్నాను!" దర్జీగారు గొంతు పెంచారు. బయట బెంచీ మీద పిల్లిని పట్టుకుని కూర్చున్నావిడ తల తిప్పి చూసింది.

నిజానికి ఆమెకు మొదటిసారే స్పష్టంగా వినిపించింది.